మధ్యలో మాట్లాడకూడదు

"ఒక్క సంగతి చెప్పమ్మా. అవతలి మనిషి మాట్లాడుతుంటే మధ్యలో నోరెత్తకుండా ఎలా ఉంటావు?"

పెద్దావిడ కుర్చీ ముందుకు జరుపుకుని మరీ అడిగింది.

లెక్చరర్ నోరు తెరిచింది. మాట రాలేదు.

నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూనే ఆమె ఓ పరిశోధన తలకెత్తుకుంది. మొదటిసారి వార్డుకెళ్ళిన విద్యార్థినులు చాటుకెళ్ళి ఎందుకు ఏడుస్తారన్నది విషయం. ఇందులో లెక్కలుండవు. మనుషుల్ని కూర్చోబెట్టి, వాళ్ళ గోడు వాళ్ళ మాటల్లోనే వినాలి. తొందరపెట్టకూడదు, సలహా ఇవ్వకూడదు. మూడేళ్ళుగా వినీ వినీ ఇంట్లో కూడా ఊఁ కొట్టడమే అలవాటైపోయిందని భర్త విసుక్కుంటున్నాడు.

గదిలో ఫ్యాను కిర్రుమంటోంది.

పెద్దావిడ కాసేపు ఎదురుచూసింది. ఆమె ముఖం మెల్లగా మెత్తబడింది.

"అర్థమైందిలే," అని మొదలుపెట్టింది. "నేనూ నర్సింగ్ టీచర్నే కదా. వార్డులో ఏ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకున్నా ఒకటే మాట అనేదాన్ని. తుడుచుకో, పక్క మంచం దగ్గరికి పో."

"పక్క మంచం..." అంది లెక్చరర్. నోటికి అదే వచ్చింది.

"అదే మరి. కిందటేడు మా ఆయన ఆస్పత్రిలో పడ్డాడు. నా దగ్గర చదివిన పిల్లే డ్యూటీలో ఉంది. బీపీ చూసింది, జ్వరం చూసింది, సూది వేసింది. వంక పెట్టడానికి లేదు. 'పాపం, ఈ పిల్ల మూగదా?' అనడిగాడు ఆయన. అదే ఆఖరి మాట. నేను ఏడుస్తుంటే ఆ పిల్ల నా భుజం మీద చెయ్యి వెయ్యబోయింది. వెయ్యబోయి, ఆగి, పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది."

"అప్పుడు ఎలా అనిపించింది మేడమ్?"

అంతే. పెద్దావిడ బావురుమంది.

తలుపు అద్దంలోంచి తొంగిచూసిన గైడు మేడమ్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. 'ఏం చేశావే?' అని చేత్తోనే అడిగింది. లెక్చరర్ తల తిప్పలేదు. మనిషి ఏడుస్తున్నప్పుడు తల తిప్పకూడదు.

అటెండరు టీ తెచ్చి, బల్ల మీద పెట్టి, పిల్లిలా వెనక్కి నడిచి వెళ్ళిపోయాడు.

టీ తొరక కట్టింది. పెద్దావిడ ఆయన పోయిన దుఃఖంలోంచి మోకాళ్ళ నొప్పుల్లోకి, అక్కణ్ణించి పలకరింపు మానేసిన ఆడపడుచు దగ్గరికి వచ్చింది. తల ఊపి ఊపి లెక్చరర్‌కి మెడ పట్టేసింది. ఇంత మంచి మాటలు దొరికిన రోజునే రికార్డర్ ఇంట్లో వదిలేసి వచ్చానే అని మనసులో గింజుకుంది.

"ఇంకేమైనా చెప్పాలనుందా మేడమ్?" అంది చివరికి, అలవాటు చొప్పున.

"లేదు తల్లీ. కడుపులో బరువంతా దిగిపోయింది."

పెద్దావిడ ముక్కు తుడుచుకుని, లెక్చరర్ బుగ్గ నిమిరి, తలుపు తీసింది.

గైడు మేడమ్ ఎదురొచ్చి చేతులు జోడించింది. "మా అమ్మాయి ఏమైనా తప్పుగా మాట్లాడిందాండీ?"

"తప్పా? ఇన్నేళ్ళుగా ఊరూరా తిరిగి పీహెచ్‌డీ వైవాలు చేస్తున్నాను గానీ, నేనడిగినదానికి ఇంత చక్కగా జవాబు చెప్పిన పిల్లని చూడలేదు, ఇకనుంచి డాక్టరు గారనే పిలవండి," అంది ఎగ్జామినర్.