మాయమైన బాక్సు

“ఈ ఖాళీ బాక్సు, నొక్కగానే మాయమైపోవాలమ్మా. ఎలా?” మేనేజరు తలెత్తకుండా అడిగాడు.

డేటాబేసు నుంచి స్లైడ్ల దాకా ఓపిగ్గా నేర్పిన కంప్యూటర్ ఆపరేటర్ మౌసు అందుకుంది. “ఇదిగో సార్, ఇంతే! ఇక మీకు నాతో పనే లేదు,” అని నవ్వింది. ఆయన నవ్వలేకపోయాడు.

మర్నాడు మీటింగులో మీట నొక్కాడు. సిబ్బంది చార్టులోంచి బాక్సు మాయమైంది.

“భలే! ఎవరు నేర్పారండీ?” అన్నాడు డైరెక్టరు.



“నేనే సార్!” ప్రొజెక్టరు పక్కన నిలబడి గర్వంగా అందావిడ.

ఖాళీ అయిన చోట ఎర్రటి అక్షరాలు ఒక్కొక్కటే రాసాగాయి: ‘ఆపరేటర్ పోస్టు రద్దు. ఇకపై మేనేజర్లే...’

మేనేజరు గాభరాగా మీటలన్నీ నొక్కాడు. ఆపడం మాత్రం నేర్చుకోలేదు.

ఆవిడే వచ్చి ఆపింది.