కొవ్వు కరిగేదాకా

"ఆ సీసా ఒకసారి ఇటివ్వండి."

టైలరు తలెత్తి చూశాడు. ఆస్పత్రి హాల్లో, పక్క కుర్చీలో నల్లద్దాలు పెట్టుకున్న ఒకాయన చెయ్యి చాపి ఉన్నాడు.

టైలరుకు అసలే ఒళ్లు మండిపోతోంది. చెల్లెలి లివరు పూర్తిగా చెడిపోయింది. తన లివరులో ముక్క ఇస్తానని పరుగెత్తుకొస్తే, "మీ లివరుకే కొవ్వు పట్టింది. తగ్గించుకుని రండి" అని డాక్టరమ్మ తిప్పి పంపింది. త్వరగా తగ్గాలని యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు కొని, ఒకటికి రెండు మింగుతున్నాడు.

"నా సీసాతో మీకేం పనండీ?"

"డాక్టరమ్మకు చూపించారా?"

"మంచి మాత్రలే. చూపించడం ఎందుకు?"

"మంచివే అయితే చూపించడానికి భయమెందుకు?"

పళ్లు నూరుకుంటూనే చూపించాడు. డాక్టరమ్మ తల పట్టుకుంది.

"కొవ్వు పేరుకుంటే లివరులో తుప్పులాంటిది మొదలవుతుంది. దాన్ని తుడిచే సరుకు ఒంట్లోనే తయారవుతుంది. తుప్పు పెరిగిపోతే ఆ సరుకు చాలదు. మీరేమో కొవ్వును అలాగే ఉంచి మాత్రలు మింగుతున్నారు. పొయ్యి ఆర్పకుండా పొగను విసనకర్రతో విసిరితే పోతుందా? పైగా వీటిలో ఏ ఆకు పసరు కలిపారో! కొన్ని లివరునే దెబ్బతీస్తాయి. ఆపేయండి. తిండి తగ్గించండి, నడవండి."

బయటికి రాగానే నల్లద్దాలాయన ఎదురు.

"ఏమన్నారు?"

"మానేయమన్నారు!" అని విసవిసా వెళ్లిపోయాడు టైలరు.

అది మొదలు ఆయన జిడ్డులా పట్టుకున్నాడు. చెల్లెల్ని చూడ్డానికి ఎప్పుడొచ్చినా అదే కుర్చీలో ఉండేవాడు.

"టీలో చక్కెర ఎక్కువేసినట్టున్నారే?"

"నా టీ, నా ఇష్టం."

"లివరు కూడా మీ ఇష్టమేనా? సగం మీ చెల్లెలిది అనుకున్నానే."

టైలరు టీ పారబోశాడు.

ఇంకోరోజు లిఫ్టు దగ్గర.

"మెట్లున్నాయిగా, అలా వెళ్లండి."

"అయితే మీరూ రండి."

"నేను కూర్చుంటాను. మీరు ఎక్కండి."

చెల్లెలి దగ్గర కూలబడి వాపోయాడు టైలరు. "నన్ను మెట్లెక్కించి, తను మాత్రం కుర్చీ వదలడు. పెత్తనం చెయ్యడానికి లోకంలో నేనొక్కణ్ణే దొరికానా?"

పసుపు తిరిగిన కళ్లతో నవ్వింది చెల్లెలు.

"పోనీలే అన్నయ్యా. ముందు నీ ప్యాంటు బిగించి కుట్టుకో, జారిపోతోంది."

ఒక సాయంత్రం, మిషను ముందు పొద్దంతా వంగి వంగి నడుము విరిగి, ఆకలితో కేకు కొనుక్కుని నోటి దాకా తెచ్చాడు టైలరు.

"వద్దు," అన్నాడు నల్లద్దాలాయన.

టైలరుకు ఇక తిక్క రేగింది.

"మీకేమండీ! దర్జాగా కూర్చుని కబుర్లు చెప్తారు. లోపల పడుకున్నది నా రక్తం పంచుకు పుట్టింది. ఆ బాధ మీకేం తెలుసు?"

హాలంతా తిరిగి చూసింది. ఆయన గుమ్మం వైపు ఒకసారి చూశాడు.

"నిజమే," అన్నాడు. "ఆ కేకు మాత్రం అక్కడ పెట్టేయండి."

పెట్టేశాడు. మర్నాటి నుంచి ఆయన కంటబడకుండా వెనక గేటు నుంచి రావడం మొదలుపెట్టాడు.

కొన్నాళ్లకు మళ్లీ స్కాన్ తీశారు. డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. ఆపరేషన్ జరిగింది. చెల్లెలి కళ్లు తెల్లబడ్డాయి.

కాస్త నడవగలిగిన రోజు, పొట్ట మీది కుట్లు పట్టుకుని నెమ్మదిగా హాల్లోకి వచ్చాడు టైలరు. ఆ కుర్చీలో ఇంకెవరో ఉన్నారు.

"సిస్టర్, ఇక్కడ నల్లద్దాలాయన ఒకరు కూర్చునేవారు. ఏ పేషెంటు తాలూకు?"

"తాలూకు ఏంటండీ? ఆయనే పేషెంటు. కళ్ల పసుపు కనబడకుండా ఆ అద్దాలు," అంది నర్సు. "లివరు కోసం మీ చెల్లెలికంటే ముందు నుంచి ఎదురుచూశారు. పోయిన వారమే చనిపోయారు."

టైలరు ఆ కుర్చీ వైపు తిరిగాడు.

"ఇచ్చేవాళ్లు ఎవరూ లేరా?"

"ఎందుకు లేరు? తమ్ముడు వచ్చాడు. మీకు చెప్పినట్టే కొవ్వు తగ్గించుకు రమ్మని పంపించాం. సరేనని వెళ్లినవాడు మళ్లీ రాలేదు. ఏ రోజు వైద్యం ఆ రోజు అయ్యాక ఇంటికెళ్లమన్నా వినకుండా, ఆ తమ్ముడు వస్తాడేమోనని, గుమ్మానికెదురుగా ఆ కుర్చీలోనే కూర్చునేవారు పాపం."