అడగని పదో ఫైలు

“నేనడిగింది తొమ్మిది మంది పిల్లల్ని. ఇందులో పది మంది ఉండారు,” అంటూ నాగలక్ష్మమ్మ పెన్‌డ్రైవును బల్లమీద టక్కున పెట్టింది.

మైదుకూరు బస్టాండుకు ఎదురుగా ఉన్న ఆ పెళ్ళిసంబంధాల కేంద్రానికి ఆమె రాని నెల లేదు. ఈసారి కొడుకు భూపేష్‌ను కూడా వెంటబెట్టుకొచ్చింది. కడపలో ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చినవాడు, తలుపు పక్క కుర్చీలో కూర్చుని నేలచూపులు చూస్తున్నాడు.

కేంద్రం నడిపే నరసింహ పెన్‌డ్రైవును అటూ ఇటూ తిప్పి చూశాడు. దాని మూతినిండా కుంకుమ.

“దీనికి కూడా బొట్టు పెట్టినావా అక్కా?”

“దేవుని ముందర పెట్టకుండా సంబంధాలు చూస్తారా యాడన్నా?”

నరసింహ తువ్వాలు అంచుతో కుంకుమ తుడిచి, కంప్యూటర్ ముందున్న సాహితికి అందించాడు. ఆడపిల్లల ఫోటోలు ఫోన్లలో ఊళ్ళు తిరుగుతున్నాయని గొడవలయ్యాక ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పిల్ల ఫోటో, జాతకం కలిపి ఒక ఫైలు. అది పెద్దవాళ్ళ చేతికే, పెన్‌డ్రైవులోనే. కంప్యూటర్లో ఫారం తెరిచి, అడిగినవాళ్ళ సభ్యత్వం నంబరు కొట్టి, నచ్చిన పేర్ల పక్కన టిక్కు పెట్టి, కిందున్న ‘కాపీ’ బటన్ నొక్కితే చాలు, ఫైళ్ళన్నీ వాటంతటవే అందులోకి పోతాయి.

నాగలక్ష్మమ్మ పట్టుదల ఎలాంటిదో ఆ వీధిలో అందరికీ తెలుసు. కోడలిని తన కన్నే పట్టుకోవాలి. తమ్ముడు ఒక సంబంధం చెప్తే ఆ పిల్లకు వంద వంకలు పెట్టింది. కొడుకు నోరు తెరవకముందే, “నువ్వు చూసుకున్న పిల్లయితే నేను పెండ్లికే రాను” అని కట్టడి చేసేసింది. అతను ఎదురు చెప్పలేదు. ఆమె చూపించిన ప్రతి ఫోటోకూ తల అడ్డంగా మాత్రం ఊపుతూ వచ్చాడు. అలా రెండేళ్ళు గడిచాయి. ఉగాది దాటితే వాడికి ముప్పై నిండుతాయని ఇప్పుడామెకు నిద్ర పట్టడం లేదు.

“ఆ పదో ఫైలు తెరువు పాపా,” అంది.

సాహితి మౌసు కదపలేదు. నరసింహే వంగి నొక్కాడు. తెర నిండా సాహితి ఫోటో!

నరసింహకు ఒళ్ళు మండింది. “ఇదేంది? పెండ్లికొడుకుల ఇండ్లకు నీ ఫోటో నువ్వే పంపుకుంటాండావా? బయట తెలిస్తే ఇంగ ఈడికి ఎవురొస్తారు? ఇట్లయితే నువ్వు రేపట్నుంచి పనికి రావొద్దు.”

“నేను పంపల్యా సార్. ఫారం కొత్తగా చేసినప్పుడు, సరిగ్గా పనిచేస్తాందో లేదో చూసేకి నా వివరాలే ఎక్కించమని మీరే అన్నారు. అవి అట్లనే ఉండిపోయినాయి.”

“ఉండిపోతే మాత్రం? బటన్ నొక్కేది నువ్వే గదా!”

“అయితే మీరే నొక్కండి,” అంటూ సాహితి లేచి నిలబడింది.

నరసింహ కుర్చీలో కూర్చుని రాయచోటివాళ్ళ నంబరు కొట్టి, ముగ్గురికి టిక్కు పెట్టి బటన్ నొక్కాడు. మూడు ఫైళ్ళే వచ్చాయి. కోయిలకుంట్లవాళ్ళ నంబరు కొట్టి ఐదుగురికి పెట్టాడు. ఐదే వచ్చాయి. నాగలక్ష్మమ్మ నంబరు కొట్టి ఇద్దరికి పెట్టాడు. మూడు వచ్చాయి. మూడోది సాహితిదే.

“నా చేత్తోనే నొక్కినా గదా!” అని ఆయన తల గోక్కున్నాడు. “తప్పయిపోయిందక్కా. ఇప్పుడే ఈ పిల్ల పేరు తీసేస్తా.”

“ఆ పని మాత్రం చేయొద్దప్పా!” నాగలక్ష్మమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. “నేను తగువుకొచ్చినా అనుకుంటివా? మొదటిసారి పొరపాటనుకున్నా. రెండోసారి గూడా ఇదే మొగం. మూడోసారి వచ్చినాక ఉండబట్టలేక జాతకం తీస్కోని అయ్యోరి దగ్గరికి పోయినా. మావానికి ఇంత బాగా కుదిరిన జాతకం ఇంగొగటి లేదంట. ఆ తొమ్మిది మందినీ నేను ఏరినా. ఈ పిల్లను దేవుడు ఏరినాడు.”

సాహితి ముఖం ఎర్రబడింది.

“ఏం పాపా, మీ నాయన ఫోన్ నంబరియ్యి.”

“సాయంత్రం ఆరు దాటినాక చేయండత్తా. అంతవరకూ చేన్లో ఉంటాడు,” అనేసి నాలుక కరుచుకుంది సాహితి.

ఆ ‘అత్తా’ అన్న పిలుపుకే నాగలక్ష్మమ్మ కరిగిపోయింది. కొడుకువైపు తిరిగి, “నువ్వేమంటావురా? దీనికి గూడా తల అడ్డం ఊపితే చూడు మల్ల!” అంది.

భూపేష్ అప్పుడు తల ఎత్తాడు. “నీ ఇష్టం మా,” అన్నాడు మెల్లగా.

రెండేళ్ళ బరువు దిగిపోయి నాగలక్ష్మమ్మకు కళ్ళు చెమర్చాయి. తల్లి మాట జవదాటని బిడ్డను కన్నందుకు ఆమెకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేం. అక్కడికక్కడే సాహితి నుదుట బొట్టు పెట్టింది.

నరసింహకు మాత్రం మనసులో తొలుస్తూనే ఉంది. “అంతా బాగుండాది గానీ అక్కా, నీ నంబరుకే ఎందుకిట్ల అయితాంది? ఆ బటన్‌కు కోడు రాసిన పిల్లోన్నే అడగాల. మనిషిని చూడల్యా నేను. సాహితి నంబరిస్తే మెసేజీల్లోనే మాట్లాడుకున్నాం. రూపాయి గూడా తీసుకోల్యా, శానా మంచోడు.”

“ఇప్పుడెందుకులెండి సార్,” అంది సాహితి గాభరాగా.

“ఒక్క నిమిషంలో తేలిపోతాది ఉండు.” నరసింహ నంబరు వెతికి ఫోన్ కలిపాడు.

“నాకూ ఒకసారి ఇయ్యప్పా. ఆ పుణ్యాత్ముణ్ణి పెండ్లికి నా నోటితోనే పిలవాల,” అంటూ నాగలక్ష్మమ్మ చెయ్యి చాపింది.

భూపేష్ జేబులో ఫోన్ మోగింది.