వెలిగిన బటన్

అనకాపల్లి సమాధుల తోటలో తండ్రిని సమాధి చేసి వచ్చి, నిన్నటి నుంచీ నడుస్తున్న కంప్యూటర్ ఆపబోయిన స్టీవెన్ ఆగిపోయాడు.

“ఏట్రా?” అంది తల్లి లూర్దు మేరీ.

గొంతు ఆపరేషన్‌తో మాట పోయిన తండ్రి కోసం స్టీవెన్ రాసిన ప్రోగ్రాం అది. ఆయన చెప్పాలనుకున్నది అందులో టైపు చేసి చూపించేవారు.

“‘అతికించు’ బటన్ ఎలిగుందమ్మా. కంప్యూటర్లో ముందే ఉన్న పేస్ట్ కమాండ్‌కి కలిపేను దాన్ని. తెర మీంచి కత్తిరించి లోపల దాసిన మాటేదైనా ఉంటేనే ఎలుగుద్ది.”

“కాఫీలో బెల్లం తగ్గినా రాసీవోరు. నిన్న ఆసుపత్రికి ఆటో వచ్చిందని పిలిత్తే ఏటో నొక్కి, నవ్వుతా లేసేరు. సూత్తే తెర ఖాళీ. నాకొక్క మాటైనా రాయలేదురా.”

స్టీవెన్ బటన్ నొక్కాడు. ఖాళీ తెర మీద అక్షరాలు వచ్చాయి.

‘మేరీ, ఆసుపత్రి వద్దు. ఇంట్లో నీ దగ్గరే పోతాను.’

ఆమె తెర మీది మాటల్ని వేలితో తడిమింది.

“ఆసుపత్రిలో నన్ను లోపలికి రానివ్వలేదురా. అక్కడ ఒక్కరే పోయేరు.”

తెర మీద ఇంకో బటన్ వెలిగింది.

“అదేటి?”

“ఇప్పుడు అతికించింది ఎనక్కి తీసీడానికమ్మా.”

“తియ్యకు. ఇప్పుడైనా మీ నాన్న మాట ఉండనీ.”