మోకాళ్ల మొక్కు

హ్యూస్టన్ ఎండకు మధ్యాహ్నం చర్చిలో ఎవరూ ఉండరని ఎలొయినా ఆ వేళకే వచ్చింది. కోరిక తీరింది గనక గ్వాడలూపె మేరీమాత పటం దాకా మోకాళ్ల మీద వెళ్లి మొక్కు చెల్లించాలి. పొద్దుటి నుంచీ హోటల్ గదులు తుడిచి తుడిచి అరిగిపోయిన మోకాళ్లవి.

అప్పటికే నడవా మధ్యలో ఒకతను మోకాళ్ల మీద దేకుతున్నాడు. ప్యాంటు నిండా తారు మరకలు. ఈపాటికి ఎవరింటి కప్పు మీదో పనిలో ఉండాల్సిన ఆమె మొగుడు, ఫిదెన్సియో.

ఆమె కూడా దేకుతూ వెళ్లి అతని పక్కకు చేరింది.

"ఏమయ్యా, పని ఎగ్గొట్టి ఇక్కడేంటి?"

అతను ఉలిక్కిపడ్డాడు. "నువ్వేంటి ఇక్కడ?"

"ముందు నేనడిగా."

అతను గొంతు తగ్గించాడు. "లాండ్రీ దగ్గర రక్తపరీక్షల వ్యాన్ ఆగుతుంది చూడు, అందులో రక్తం చూపించుకున్నా. హెచ్ఐవి ఉందన్నారు. రెండోసారి చూసినా అదే మాట."

ఎలొయినా ఆగకుండా ఇంకో అడుగు ముందుకు దేకింది.

"నాకు మందులున్నాయట. మొక్కు నా కోసం కాదే. నీకు అంటకుండా ఉంటే చాలని... ఇంటికెళ్లి అంతా చెబుతా, పద," అంటూ లేవబోయాడు.

ఆమె అతని భుజం పట్టి కిందికి నొక్కింది.

"లేవకు. పోయిన వారం అదే వ్యాన్‌లో నేనూ చూపించుకున్నా. నీ మీద అనుమానంతోనే. నాకేం లేదన్నారు. మళ్లీ ఒకసారి చూడాలట, అంటకుండా మాత్రలు కూడా ఇస్తారట."

అతను తలెత్తలేకపోయాడు.

"తిట్టేది ఇంటికెళ్లాక తిడతా," అంది అలసటగా. "ముందు దేకు. నీ కోరికా తీరింది."