వయొలిన్ ఆగిన చోటు

డిసెంబరు కావడంతో ప్లెయిన్స్‌బరోలో ఐదింటికే చీకటి పడిపోయింది. ఎవరో ఇంటి పాత సామాన్లు అమ్మేసే గరాజ్ సేల్‌లో కొన్న పాత ఇటాలియన్ రాక్ రికార్డును శ్రీవిద్య ప్లేయర్ మీద పెట్టింది. డ్రమ్స్, ఆర్గన్, వాటి మీద చర్చి సంగీతంలా సాగే వయొలిన్. వారం రోజులుగా వింటోంది, అంతా కంఠతా వచ్చేసింది.

ఇవాళ వయొలిన్ రావాల్సిన చోట రాలేదు. డ్రమ్స్ మాత్రం మెల్లగా ఏడు దెబ్బల లెక్కతో నడుస్తున్నాయి.

ఆమె ముందుకు వంగి వింది. కచేరీలో గాయకుడు ఆగి, ఇక నీ వంతు అన్నట్టు పక్కవాద్యం వైపు తలాడిస్తే అచ్చం ఇలాగే ఉంటుంది. పదేళ్లు గాయకుల పక్కన కూర్చుని వయొలిన్ వాయించినా ఆమెకు ఆ వంతు దక్కింది ఏ రెండుసార్లో.

అల్మరాలోంచి వయొలిన్ తీసింది. శ్రుతి చేసుకునేదాకా డ్రమ్స్ ఓపిగ్గా నడుస్తూనే ఉన్నాయి. వాయించింది. ఒకచోట వేలు జారితే పకపకా నవ్వేసి, ఆపకుండా వాయించింది. ఆమె ముగించగానే ఆర్గన్ అందుకుంది.

అప్పుడే ఆఫీస్ నుంచి వచ్చిన భర్త జితేందర్‌ని కూర్చోబెట్టి, ముల్లును మళ్లీ మొదటికి పెట్టింది.

"ఇప్పుడు చూడు, వయొలిన్ ఆగిపోతుంది."

ఆగలేదు.

"ఏడ ఆగింది? మస్తు వాయిస్తున్నరు కదా," అన్నాడు జితేందర్. అంతలో రికార్డులో వేలు జారింది, వెంటనే పకపకా నవ్వు వినిపించింది. "ఆ నవ్వేది ఎవరు విద్యా? అచ్చం నీ లెక్కనే ఉంది."

శ్రీవిద్య తన ఒళ్లో ఉన్న వయొలిన్ వంక చూసుకుంది. రికార్డులో వయొలిన్ ముగిసినా ఈసారి ఆర్గన్ అందుకోలేదు. డ్రమ్స్ మళ్లీ ఏడు దెబ్బలకు దిగి, ఎదురుచూస్తున్నాయి.

ఆమె నవ్వుతూ వయొలిన్ కమాను ఎత్తింది.