మా నాన్న బీరు

“ఇంకొక్క అడుగు ముందుకేశావంటే నా మీద ఒట్టే, ఆర్లో!” ఒడ్డు మీద నిలబడి గొంతు చించుకుంది మార్లిస్.

మొగుడు వింటేగా! నడుముకు తాడు కట్టుకుని, అల్యూమినియం నిచ్చెన మీద బోర్లా పడుకుని, దాన్ని ముందుకు జరుపుకుంటూ సరస్సు మీద పాకుతున్నాడు. గడ్డకట్టిన సరస్సని పేరే గానీ, మార్చి నెలాఖరు ఎండలకు మంచు నల్లబడి అప్పటికే పగుళ్లిచ్చింది. ఊళ్లో వాళ్లంతా మంచుకు కన్నం పెట్టి చేపలు పట్టుకునే గుడిసెల్ని ఎప్పుడో ఒడ్డుకు లాగేసుకున్నారు. ఆర్లో గుడిసె ఒక్కటే ఓ పక్కకు ఒరిగిపోయి నడిమధ్యలో మిగిలింది. అతని బీరు బకెట్ అందులో ఉంది.

“వెనక్కి రారా సన్నాసీ! బీరే కదా, నా బార్లో కావలసినంత ఉంది!” తాడు రెండో కొస పట్టుకుని అరిచాడు క్లెమ్. మే నెలలో అతని కొడుక్కీ, ఆర్లో కూతురు జోనీకీ పెళ్లి.

“నీ బీరు నువ్వే తాగి చావు!”

అసలు మంట పెట్టింది ఆ క్లెమ్మే. చలికాలంలో ఓ శుక్రవారం, ఊరంతా బార్లో చేపల వేపుడు తింటుండగా ఆర్లో లేచి నిలబడ్డాడు. పెళ్లిలో మొదటి గ్లాసు తన చేత్తో చేసిన లాగర్ బీరే అన్నాడు. క్లెమ్ పడీపడీ నవ్వాడు. “నువ్వా? గ్యారేజీలో సగం పడవ, ఇంటికి సగం రంగు! నువ్వు మొదలుపెట్టి పూర్తిచేసిన పని ఒక్కటి చూపించరా!” అందరూ నవ్వారు. జోనీ మాత్రం నవ్వలేదు. మర్నాడే వెళ్లి సీసాలకు అంటించే కాగితాలు అచ్చు వేయించింది, ‘మా నాన్న బీరు’ అని.

చేయడం మాత్రం ఏమంత బ్రహ్మవిద్య? కిట్ తెచ్చుకుని బార్లీ పాకాన్ని నీళ్లలో మరిగించాలి. చల్లారాక, పాలకు తోడు వేసినట్టు, ఈస్ట్ వేయాలి. మూత బిగించి చల్లని చోట వదిలేయాలి. చేతకానివాడైనా చేయగలడని డబ్బా మీదే రాసి ఉంది. చల్లని చోటుకే వచ్చింది చిక్కు. నేలమాళిగలో హీటరు సెగ, ఫ్రిజ్ నిండా జింక మాంసం. అందుకే బకెట్‌ను గుడిసెకు చేర్చాడు. అక్కడ అది చల్లారేదాకా కాచుకుని కూర్చున్న రోజునే బయట, చేప కొరికితే లేచేలా గాలానికి కట్టిన ఎర్ర జెండా లేచింది. జెండా లేస్తే ఈ సరస్సు మీద ఎవడూ కూర్చోడు, పెళ్లానికి నొప్పులొస్తున్నా సరే, పరిగెత్తాల్సిందే. చెయ్యంత పైక్ చేప పడింది. శుభశకునం అనుకున్నాడు ఆర్లో.

ఆ తర్వాత క్లెమ్ వారం వారం గుడిసెలోకి తొంగిచూసేవాడు. “పులిస్తే మూత మీది గొట్టంలో బుడగలు రావాలిగా, ఒక్కటైనా రాదేంట్రా? నీ బీరు బతికే ఉందా?”

“ఇది లాగర్ రా మొద్దూ. చలిలో నెమ్మదిగా పులుస్తుంది. ఓపిక పట్టాలి.”

ఆ ఓపికే కొంప ముంచింది. వాతావరణం ఉన్నట్టుండి వేడెక్కింది. ఇప్పుడిది పోతే, పెళ్లిలోగా ఇంకో బకెట్ తయారుకాదు.

ఆర్లో గుడిసెలో దూరాడు. కాసేపటికి బకెట్‌ను నిచ్చెనకు కట్టేసి, దాని వెనకే పాకుతూ బయటికొచ్చాడు. సగం దూరం రాగానే మంచు ఫెళ్లున విరిగింది. మెడ దాకా నీళ్లలో దిగబడ్డాడు.

“బకెట్ తాడు కొయ్యరా! నిచ్చెన మునిగిపోతోంది!” క్లెమ్ కేకేశాడు.

“కొయ్యను!”

“నీ కాళ్లు మొక్కుతానయ్యా, వదిలెయ్!” మార్లిస్ మోకాళ్ల మీద కూలబడి ఏడ్చేసింది.

“జోనీకి ఏం చెప్పను? ఇది కూడా సగమేనని చెప్పనా?” ఆర్లో పెదాలు నీలంగా మారాయి. అయినా బకెట్‌ను వాటేసుకున్న చెయ్యి సడలలేదు.

క్లెమ్ బూటు మడమలు నేలకు తన్నిపెట్టి తాడు లాగాడు. మార్లిస్ వెనకనుంచి అతన్ని పట్టుకుని లాగింది. ఎలాగైతేనేం, మనిషీ బకెట్టూ కలిసి ఒడ్డున పడ్డాయి. వెనక్కి తిరిగి చూసేసరికి గుడిసె లేదు.

ఇంటికి తెచ్చి, కంబళ్లు కప్పి, పొయ్యి పక్కన కూర్చోబెట్టారు. జోనీ ఏడుస్తూ వచ్చి తండ్రి మెడ చుట్టూ చేతులు వేసింది. “పూర్తిచేశావు నాన్నా” అంది. తెచ్చిన కాగితాల కట్ట బల్ల మీద పెట్టింది. ఆర్లోకి దుఃఖం ఆగలేదు.

క్లెమ్ టోపీ తీశాడు. “ఓడిపోయానురా. ఆ నవ్విన నోటితోనే మొదటి గుక్క నన్ను తాగనీ.” బకెట్ కొళాయి తిప్పి గ్లాసులో కొంచెం పట్టి చప్పరించాడు. “కాస్త తియ్యగా ఉందేంట్రా?”

“సీసాల్లో పోశాక సర్దుకుంటుందిలే.” ఆర్లో పళ్లు టకటకలాడుతున్నా మొహం మాత్రం వెలిగిపోతోంది.

నీళ్లోడుతున్న కోటును ఆరేయబోతూ, మార్లిస్ లోపలి జేబులో చెయ్యి పెట్టి ఓ చిన్న పొట్లం బయటికి తీసింది. దీపం దగ్గర పట్టుకుని, దాని మీది అక్షరాలు కూడబలుక్కుని చదివింది.

“‘లాగర్ ఈస్ట్. పాకం చల్లారగానే మరవకుండా కలపాలి’... ఏమయ్యా, దీని మూతి కూడా చింపలేదే?”